ఇంటర్వ్యూలో మోకాలి కథ చెబితే చాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ముగించి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. ఇంటర్ దాకా కబడ్డీ ఆడాను, జిల్లా జట్టులో రైడర్‌ని. పదిహేడో ఏట మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది, మళ్లీ కోర్టులోకి దిగలేదు. అప్పుడు నాతో వ్యాయామాలు చేయించిన ఫిజియోను చూసే ఈ చదువులోకి వచ్చాను. ఈమధ్య ఒక అకాడమీ ఇంటర్వ్యూలో ‘స్పోర్ట్స్ ఫిజియోనే ఎందుకు?’ అని అడిగితే ఇదంతా చెప్పాను. ‘సరే, ఇంకా?’ అన్నారు. నాకేమీ తోచలేదు. ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) స్పోర్ట్స్ చేయాలా, సర్టిఫికెట్ కోర్సులు సరిపోతాయా? జట్టులో చేరడానికి దారేది? నాన్నేమో ఊళ్లో క్లినిక్ పెట్టుకో, లేదంటే అమెరికా వెళ్లిపో అంటున్నారు.

జవాబు: ముందు ఆ ‘ఇంకా?’ సంగతి చూద్దాం. మీ మిగతా ప్రశ్నలన్నీ దాని వెనకే ఉన్నాయి.

ఈ ఉద్యోగానికి వచ్చేవాళ్లలో మోకాలి కథో భుజం కథో లేనివాళ్లు తక్కువ. హైదరాబాద్ చుట్టుపక్కలైతే ఆ కథలోకి పుల్లెల గోపీచంద్ కూడా వచ్చేస్తారు: 1994లో మోకాలి లిగమెంట్ తెగడం, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలవడం. కథలో తప్పేమీ లేదు. కాకపోతే మీరెందుకు వచ్చారో మాత్రమే అది చెబుతుంది. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్లకు మీరెందుకు నిలబడతారో కావాలి. కప్పు ఎత్తిన రోజు ఫొటోలో ఫిజియో ఉన్నా లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. అసలు పని మామూలు బుధవారం సాయంత్రం జరుగుతుంది. అదే కుర్రాడు, అదే మెట్టు అంచు, అదే ఒంటికాలి మీద మడమ లేపడం. పక్కన నిలబడి లెక్కపెడుతూ, పద్దెనిమిదోసారికి మడమ లేచే ఎత్తు తగ్గిందని గమనించి పుస్తకంలో రాసుకోవాలి. ఆ రాతలో మీకు రుచి ఉందా అనే వాళ్లు అడిగారు.

కాబట్టి మోకాలి కథను రెండు వాక్యాలకు కుదించండి. మూడో వాక్యం నుంచి మీరు తీసుకున్న ఒక నిర్ణయాన్ని చెప్పండి. ఇలా ఉండొచ్చు: ‘రైడర్ చీలమండ బెణికి వచ్చాడు. ఎముక మీద నొక్కి చూశాను, నాలుగడుగులు వేయించాను. ఎక్స్‌రే అక్కర్లేదని తేల్చాను. ఐదో రోజుకీ ఆ కాలి మీద గెంతలేకపోతున్నాడు, ఆదివారం మ్యాచ్‌కు వద్దన్నాను. కోచ్‌కు నచ్చలేదు. పన్నెండో రోజు దింపాం, ఆ తర్వాత నెల్లాళ్లూ వాపు రాలేదు.’ ఇది మీకు నిజంగా జరిగి ఉంటేనే చెప్పండి. అరువు కథ అయితే రెండో ప్రశ్నకే బయటపడుతుంది, ఎందుకంటే వెంటనే ‘ఎక్కడ నొక్కావు?’ అంటారు.

ఆ నొక్కడం చూడండి, ఎక్స్‌రే కావాలా వద్దా తేల్చే ఒటావా నియమాలు అందరూ పరీక్షలో రాసినవే. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీద, కింది కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర నొక్కాలి. పాదం బయటి అంచున చిటికెనవేలి పొడుగు ఎముక మొదలు, లోపలి అంచున నావిక్యులర్ అనే ఎముక మీద కూడా నొక్కాలి. వీటిలో ఎక్కడ నొక్కినా ఎముక మీద నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ మీరు చూసేటప్పుడు కూడా, నాలుగడుగులు వేయలేకపోయినా అంతే. కొత్తవాళ్లు పొరపడేది ఒకేచోట: బయటి ఎముకకు ముందు, కాస్త కిందుగా ఉండే మెత్తని గుంటలో నొక్కుతారు. బెణుకులో ముందుగా తెగే లిగమెంట్ అక్కడే ఉంది, అక్కడ నొక్కితే ఎవరైనా కేకే వేస్తారు. దాన్ని పట్టుకుని అందరినీ ఎక్స్‌రేకు పంపితే నియమం నేర్చుకుని లాభమేమిటి?

మీ మోకాలిలో కూడా ఇంటర్వ్యూకు పనికొచ్చే సరుకు చాలా ఉంది, మీరు దాన్ని బాధగా చెప్పారు గానీ పాఠంగా చెప్పలేదు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మోకాలి కింద దిండు పెట్టే ఉంటారు. మన ఇళ్లలో అమ్మ ముందు చేసేది అదే, సుఖంగా ఉంటుందని. ఆ దిండే మోకాలిని వంగిన చోట బిగిసిపోయేలా చేస్తుంది. చుట్టిన తువ్వాలు పెట్టాల్సింది మడమ కింద, మోకాలి వెనక భాగం పరుపు మీదికి దిగేలా. మొదటి రెండు వారాల లక్ష్యాలు మూడే: మోకాలు పూర్తిగా చాపగలగడం, వాపు తగ్గడం, తొడ ముందు కండరం మళ్లీ పని అందుకోవడం. కాలు చాచి పైకెత్తినప్పుడు మోకాలు కొద్దిగా జారి వంగితే, ఆ కండరం ఇంకా నిద్రలోనే ఉందన్నమాట. అప్పుడే సైకిల్ ఎక్కించి మురిసిపోతే ఆర్నెల్ల తర్వాత కుంటి నడక మిగులుతుంది.

ఇక ఆటలోకి తిరిగి దింపడం. తొమ్మిది నెలలకు ముందే దిగినవాళ్లలో మోకాలు మళ్లీ దెబ్బతినడం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ తొమ్మిది నెలలు నిండితే చాలన్నది కూడా అబద్ధమే. గెంతు పరీక్షలో ఆపరేషన్ కాలు రెండో కాలిలో కనీసం 90 శాతం చేయాలంటారు. లెక్క చేసి చూద్దాం. బాగున్న కాలితో 160 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలితో 136 గెంతితే 85 శాతం. ఫెయిల్. సరే, ఇంకో నెల శ్రమించి 146కు వచ్చాడు, 91 శాతం. పాస్ అంటారా? ఆ బాగున్న కాలు కూడా ఇన్ని నెలలు ఖాళీగానే ఉంది. ఆపరేషన్‌కు ముందు అదే కాలు 180 గెంతిందని రాసిపెట్టుకుని ఉంటే, 146 అంటే 81 శాతమే. అందుకే దెబ్బ తగిలిన వారంలో, వీలున్నంతలో, మంచి కాలి కొలతలు తీసి దాచిపెట్టే ఫిజియో విలువ తొమ్మిది నెలల తర్వాత తెలుస్తుంది. పైగా గెంతు దూరం బాగుండి తొడ బలం తక్కువగా ఉండటం మామూలే, తుంటితోనూ చీలమండతోనూ నెట్టుకొస్తారు. చేత్తో పట్టుకునే డైనమోమీటర్ (కండబలం కొలిచే పరికరం) ఉంటే దాన్ని బెల్టుతో బిగించి కొలవండి. చేతిబలంతో ఆపి కొలిస్తే రైడర్ తొడ ముందు మీ చేయే ఓడిపోతుంది, కాగితం మీద తప్పు అంకె పడుతుంది.

కబడ్డీ రైడర్‌కు ఇంకో మెట్టు ఉంది. పరీక్షలన్నీ పొద్దున్నే తాజా కాళ్ల మీద చేస్తాం. డిఫెండర్ యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) వేసేది ముప్పై ఐదో నిమిషంలో. కాబట్టి ఒకసారి పూర్తి ప్రాక్టీస్ అయ్యాక, ఒళ్లంతా అలసిన స్థితిలో మళ్లీ గెంతించి చూడండి. మోకాలు లోపలికి కూలుతుంటే ఇంకా టైముంది. దింపే వరస కూడా ఇలా పెట్టుకోవచ్చు: మ్యాట్ మీద ఒంటరిగా అడుగుల కదలిక, తాకిడి లేని రైడ్, ఒక్క డిఫెండర్ ముందే చెప్పి పట్టడం, ఒక్క డిఫెండర్ చెప్పకుండా పట్టడం, ఇద్దరు చేయీ చేయీ కలిపి పట్టే గొలుసు, ఏడుగురి మధ్య రైడ్, ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఒక సగం, ఆపైన మ్యాచ్. ఒక మెట్టు ఎక్కాక మర్నాడు పొద్దున వాపు చూడాలి. వాపొస్తే ఒక మెట్టు వెనక్కి. ‘చెప్పకుండా పట్టడం’ అన్న మెట్టును చాలామంది దాటేస్తారు, ఎన్నో మోకాళ్లు మళ్లీ తెగేది ఆ ఖాళీలోనే.

మీ ఇంటర్వ్యూకు ఇంతకంటే సరుకేం కావాలి? రైడర్‌గా ఆడిన మీకు ఈ వరస చదవకుండానే తెలుసు. దాన్ని ఫిజియో భాషలో చెప్పడం నేర్చుకోవాలి, అంతే.

ఎంపీటీ చేయాలా అంటే, చేయండి. రెండేళ్ల కోర్సు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కాంట్రాక్టు పోస్టులకైనా, పెద్ద అకాడమీలకైనా ఎంపీటీ ఉన్నవాడికి, అందులో స్పోర్ట్స్ ఉన్నవాడికి తలుపు ముందు తెరుచుకుంటుంది. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ యూనివర్సిటీ, ఢిల్లీ జామియా మిల్లియా, మణిపాల్, చెన్నై శ్రీరామచంద్ర వంటి చోట్ల ఈ విభాగానికి పేరుంది. అయితే పేరు చూసి కట్టేయకండి. కొన్ని కాలేజీల్లో స్పోర్ట్స్ ఎంపీటీ అంటే ఆర్థో (ఎముకల విభాగం) ఓపీయే, గోడకు ఒక ఫుట్‌బాల్ పోస్టర్ తగిలించి. చేరేముందు అక్కడ రెండో ఏడాది విద్యార్థిని పట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. వారానికి ఎన్ని గంటలు మైదానంలో ఉంటారు? ఏ జట్టుతో? కండబలం కొలిచే ఐసోకైనటిక్ మెషీన్ ఉందా అని కాదు, పోయిన నెలలో దాన్ని ఎవరైనా ఆన్ చేశారా? థీసిస్‌లకు నిజమైన ఆటగాళ్లు దొరికారా, హాస్టల్ పిల్లలనే ఆటగాళ్లని రాశారా?

ఎంపీటీలో వెంటనే చేరకపోయినా నష్టం లేదు. మధ్యలో ఒక ఏడాది ఆర్థో వార్డులోనో ఓపీలోనో నిజమైన పనిచేయండి. రోజుకు పాతిక మోకాళ్లు చూసిన చేతికే, ఏసీఎల్ తెగిందా అని పిక్కను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్షలో ఆ చివరి ఆపు ‘టక్’మని ఉందా, మెత్తగా జారుతోందా తెలుస్తుంది. మైదానంలో ఆ తేడా పట్టుకోవడానికి ఒక్క అవకాశమే వస్తుంది, పది నిమిషాల తర్వాత నొప్పికి కండరాలు బిగుసుకుపోయి ఏ పరీక్షా పలకదు.

ఇది చదువుతున్న ఇంటర్ పిల్లలకు ఒక మాట: బీపీటీ ఇన్నాళ్లూ నాలుగున్నరేళ్లు ఉండేది. 2021 చట్టంతో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల జాతీయ కమిషన్ 2025లో ఇచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. ప్రవేశ నియమాలు మారుతున్నాయి కాబట్టి సీనియర్లు చెప్పింది వదిలి, మీరు చేరే ఏడాది యూనివర్సిటీ నోటిఫికేషన్ మాత్రమే నమ్మండి.

వారాంతపు సర్టిఫికెట్ల సంగతి. వీటి వెనకపడి ఎంపీటీ ఫీజంత ఖర్చుపెట్టేసినవాళ్లు ఉన్నారు. ముందు చేయాల్సింది ప్రాణం నిలిపే కోర్సు, అంటే బీఎల్ఎస్. రెండేళ్లకోసారి మళ్లీ రాయాలి. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. బొమ్మ మీద రెండు నిమిషాలు ఆపకుండా చేసి చూస్తే మీ జబ్బల సంగతి మీకే తెలుస్తుంది. దాని తర్వాత కండబలం పెంచే శిక్షణ గురించి గట్టిగా నేర్చుకోండి. మన బీపీటీలో అతి బలహీనంగా ఉండేది అదే. కిలో ఇసుక సంచి కాలికి కట్టి ఆటగాడిని తయారు చేయలేం. కప్పింగ్ (చర్మం మీద కప్పులు బిగించడం), రంగు రంగుల సాగే టేపులు చివర్న చూసుకోవచ్చు. ఫొటోలో బాగుంటాయి, ఆటగాడికి కాస్త ధైర్యమిస్తాయి, అంతకుమించి ఆశపెట్టుకోవద్దు.

కానీ చీలమండకు వేసే గట్టి తెల్ల టేపు మాత్రం చేతికి రావాలి. 38 మిల్లీమీటర్ల వెడల్పు జింక్ ఆక్సైడ్ టేపు. ఆటగాడిని బల్ల మీద కూర్చోబెట్టి పాదం పిక్కకు లంబంగా, 90 డిగ్రీల్లో పెట్టించాలి. పాదం కిందికి వాలిన స్థితిలో చుట్టారా, మీ శ్రమంతా బెణుకుకే సాయం. పిక్క కింది భాగంలో రెండు ఆధారపు పట్టీలు, అక్కడి నుంచి లోపలి పక్కగా దిగి మడమ కింద నుంచి బయటి పక్కకు పైకి లాగే మూడు పట్టీలు, ఆపైన మడమను బంధించే తాళం రెండు వైపులా. ప్రతి పట్టీ తన కిందున్న పట్టీని సగం కప్పాలి. అరికాల్లో ముడత పడితే మొదటి సగం అయ్యేసరికి బొబ్బ. ఆధారపు పట్టీ గుండ్రంగా బిగిస్తే పిక్క ఉబ్బినప్పుడు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలి, రంగు రెండు సెకన్లలో తిరిగొచ్చిందో లేదో చూసి పంపండి. అరగంట ఆటకు ఏ టేపైనా వదులవుతుంది, హాఫ్‌టైమ్‌లో మళ్లీ చూడాలి.

జట్టులో చేరే దారి పైనుంచి కాదు, కిందినుంచి. ప్రో కబడ్డీ 2014లో మొదలయ్యాక తెలుగు టైటాన్స్‌లో చేరాలని అడిగే ఉత్తరాలు బాగా పెరిగాయి. లీగ్ సీజన్ ఏడాదిలో కొన్ని నెలలే, మిగతా నెలలు ఏం చేస్తారన్నది కూడా చూసుకోవాలి. మీరు ఖమ్మంలోనే మొదలుపెట్టండి. స్కూల్ గేమ్స్ పోటీలు, జిల్లా కబడ్డీ టోర్నమెంట్లు జరిగినప్పుడు చాలాచోట్ల ఒక ఐస్ పెట్టె, ఒక స్ప్రే డబ్బా తప్ప ఏమీ ఉండవు. నిర్వాహకులకు ముందే ఉత్తరం ఇచ్చి, మీ ఇంటర్న్‌షిప్ గైడుకు చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే వెళ్లండి. అనుమతి లేకుండా తల్లిదండ్రులు పక్కన లేని పిల్లల ఒంటి మీద చేయి వేయొద్దు. ఆ తర్వాత హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ లాంటి చోట్ల, రాష్ట్ర జట్టు శిబిరాల్లో అడగడానికి మీ చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. అందులో పేర్లు ఉండకూడదు. తేదీ, ఆట, వయసు, దెబ్బ, మీరు చేసింది, పంపారా ఆపారా, వారం తర్వాత ఏమైంది. చివరి గడి నింపడానికి ఫోన్ చేయాల్సి వస్తుంది, అక్కడే చాలామంది బద్ధకిస్తారు. ముప్పై దెబ్బలు అలా పూర్తిగా రాసిన పుస్తకాన్ని ఇంటర్వ్యూ బల్ల మీద పెట్టండి, ‘ఇంకా?’ అనే అవసరం వాళ్లకు రాదు.

సంచిలో ఏముండాలో మీకు తెలుసు కాబట్టి జనం మరిచేవే చెబుతాను. గోళ్ల కత్తిరింపు: కబడ్డీలో గోళ్లు కత్తిరించుకోవాలన్నది నియమం, బరిలోకి పిలిచాక వెతుక్కుంటారు. పొడి తువ్వాళ్లు: ఒంటికి నూనె, జిడ్డు పూసుకోకూడదన్నదీ నియమమే, మీరు పొద్దున మర్దనకు వాడిన నూనెకు ఆటగాడు మాటపడకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లతో పాటు లీటరు గుర్తున్న సీసా: లీటరు నీళ్లకు వేయాల్సిన పొట్లాన్ని గ్లాసులో కలిపి తాగిస్తే దప్పిక తీరదు సరికదా వాంతి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆడిస్తే పెద్ద టార్పాలిన్, రెండు బస్తాల ఐసు, నీళ్ల డ్రమ్ము. వడదెబ్బకు ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడేవాడిని 108 వచ్చేదాకా నీడలో పడుకోబెట్టి విసరడం చాలదు. టార్పాలిన్‌లో పడుకోబెట్టి, అంచులు నలుగురు పట్టుకుని, ఐసు నీళ్లు మెడ దాకా పోసి కదిలించాలి. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం.

తలకు దెబ్బ తగిలి కళ్లు తేలేసినవాడు రెండు నిమిషాల్లో లేచి ‘నేను బాగానే ఉన్నాను అన్నా’ అంటాడు. ఆ రోజు ఆట అయిపోయినట్టే, అందులో బేరం లేదు. మెడనొప్పి, రెండుగా కనబడటం, వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్‌లో ఏది ఉన్నా నేరుగా ఆసుపత్రికి. కోచ్ అరుస్తాడు, ఊరి పెద్ద వచ్చి ‘ఫైనల్ నాయనా’ అంటాడు. మోకాలి కథ చెప్పి వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే జారతారు. వాళ్లు ఆటను ప్రేమించి వచ్చారు, ఆటగాడి బాధ తమదే అనుకుంటారు, ‘పోనీ ఒక్క రైడ్’ అనేస్తారు. మీరు మాజీ రైడర్ కాబట్టి మీకు ఈ ప్రమాదం రెండింతలు.

మందుల విషయం కూడా అంతే. నొప్పిమాత్ర, దగ్గుమందు, పొడి డబ్బా, ఏదీ మీ చేతి నుంచి వెళ్లకూడదు. మందు రాసిచ్చే అధికారం ఫిజియోకు లేదు, అదొకటి. రెండోది, వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనల్లో ఫిజియో కూడా ఆటగాడి సహాయక సిబ్బందే, ఆటగాడితో పాటు మీ మీదా నిషేధం పడొచ్చు. నిషిద్ధ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. 2022 నుంచి పోటీల సమయంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ మోకాల్లోకి ఇచ్చినా నిషిద్ధమే. ‘నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టించండి’ అన్నది మన ఊళ్లలో మామూలు మాట. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరానికి ఎక్కిస్తే అదీ ఉల్లంఘనే.

అమెరికా సంగతి నాన్నగారికి ఇలా చెప్పండి. అక్కడ ఇప్పుడు ఫిజియో చదువు అంటే డీపీటీ, డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. మన డిగ్రీని అంచనా వేయించుకుని, లోటున్న సబ్జెక్టులు పూర్తిచేసి, ఎన్‌పీటీఈ అనే లైసెన్స్ పరీక్ష రాయాలి. స్పోర్ట్స్ స్పెషలిస్ట్ గుర్తింపు కావాలంటే, లైసెన్స్ వచ్చాక క్రీడా విభాగంలో 2,000 గంటల ప్రత్యక్ష చికిత్స, అత్యవసర చికిత్సలో అర్హత, ఆపైన బోర్డు పరీక్ష. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: అక్కడ మైదానం పక్కన పరుగెత్తుకొచ్చే మనిషి ఎక్కువగా అథ్లెటిక్ ట్రైనర్, అది వేరే చదువు, వేరే లైసెన్సు. ఫిజియో ఎక్కువగా క్లినిక్‌లో ఉంటారు. జట్టుతో తిరగాలన్నదే మీ కోరికైతే అమెరికా దారి చుట్టుదారి.

ఊళ్లో క్లినిక్ మాత్రం కొట్టిపారేసే సలహా కాదు. ఎంపీటీ అయ్యాక స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో సాయంత్రం నాలుగు గంటలు తెరిచే ఒక గది, 6 మీటర్ల ఖాళీ నేల, గోడకు టేపు కొలత, ఒక బార్, నూటయాభై కిలోల బరువులు. కరెంటు పెట్టే మెషీన్ల కన్నా ఇవి ముందు కొనండి. మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవాళ్లు అద్దె కడతారు, పోలీసు, ఆర్మీ పరుగు పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్లు మీకు పిక్క ఎముక నొప్పుల మీద చేయి తిప్పిస్తారు. పసుపు, సున్నం పట్టు వేసుకుని వచ్చినవాడినీ, పుత్తూరు కట్టుతో వచ్చినవాడినీ వెక్కిరించకండి. కట్టు కింద వేళ్లు చల్లబడ్డాయా, కదులుతున్నాయా చూడండి, ఎక్స్‌రే తీయించారా అడగండి.

ఇంటర్న్‌షిప్ ముగిసేలోపు ఒక పని: బీఎల్ఎస్ పూర్తిచేసి, జిల్లాలో జరగబోయే పోటీల తేదీలు కనుక్కోండి. వెళ్లిన మొదటి రోజే ఆడేవాళ్లందరి మంచి కాళ్లూ కొలిచి రాసుకోండి.